ఆరున్నరకి డ్యూటీ, ఏడింటికి డేకేర్

2023 మార్చిలో ఒక రాత్రి, పాప నిద్రపోయాక, ఫోన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ సాయానికి అప్లై చేసుకునే బెనిఫిట్స్‌కాల్ సైట్ తెరిచి అప్లికేషన్ నింపడం మొదలుపెట్టాను. ఇంట్లో ఎంతమంది కలిసి వండుకుని తింటారు అని ఒక ప్రశ్న. ఇద్దరం అని కొట్టాను. అందులో ఒకళ్లు తినేది నాలుగు ముద్దల పెరుగన్నం. ఆదాయం ఎంత అన్న చోట సున్నా కొట్టడానికి చాలాసేపు పట్టింది. నింపడం పూర్తయ్యేసరికి రాత్రి ఒంటిగంట దాటింది.

నేను ఒంగోల్లో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. 2014లో పెళ్లై, భర్త ఉద్యోగ వీసాని పట్టుకుని వచ్చే హెచ్4 వీసా మీద కాలిఫోర్నియా వచ్చాను. మరుసటి ఏడు మాలాంటి వాళ్లకు పని పర్మిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు కానీ, ఇవాళ అప్లై చేద్దాం రేపు చేద్దాం అనుకుంటూనే ఉండిపోయాను. 2020 జనవరిలో పాప పుట్టింది. 2021లో గ్రీన్‌కార్డు వరుసలో ఇండియా వాళ్ల డేట్లు ఒక్కసారిగా ముందుకు జరిగి మాకు గ్రీన్‌కార్డులు వచ్చాయి. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ఆ మరుసటి ఏడు విడాకులు. కారణాలు ఇక్కడ అనవసరం.

పాప వాళ్ల నాన్న నెలనెలా పంపే డబ్బుతో ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో గడుస్తూ ఉండేది. 2023 జనవరిలో ఆయన ఉద్యోగం పోయింది. ఆ శీతాకాలం ఇక్కడ ఎంతమందికి ఉద్యోగాలు పోయాయో మన వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆయన టెక్సాస్ వెళ్లిపోయాడు, డబ్బు ఆగిపోయింది. నా బంగారం అప్పటికే లాయర్ ఫీజుల కింద కరిగిపోయింది.

నేను అప్లై చేసింది కాల్‌వర్క్స్‌కి. అదంటే తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. పిల్లలున్న పేద కుటుంబాలకు ఈ రాష్ట్రం ఇచ్చే నగదు సాయం అది. 1996లో క్లింటన్ సంతకం పెట్టిన చట్టంతో అమెరికాలో పాత వెల్ఫేర్ పోయింది. డబ్బు తీసుకునే తల్లి పనిలోకి వెళ్లే దారి పట్టాలి, పెద్దవాళ్లకు జీవితం మొత్తంలో 60 నెలలకు మించి ఇవ్వరు అన్నది కొత్త పద్ధతి. కాలిఫోర్నియా మధ్యలో ఆ గడువును 48 నెలలకు తగ్గించి, 2022 మేలో మళ్లీ 60 చేసింది. ఆరేళ్లలోపు బిడ్డ ఉన్న ఒంటరి తల్లి వారానికి సగటున 20 గంటలు పనో, చదువో చూపించాలి. ఆ వయసు దాటితే 30 గంటలు. మా ఇద్దరికీ కలిపి వచ్చేది నెలకు తొమ్మిది వందల డాలర్లకు కాస్త అటూ ఇటూ. మా ఊళ్లో ఒక బెడ్‌రూమ్ అద్దె రెండు వేల పైమాటే. అద్దెలో మిగతాది అన్నయ్య దగ్గర అప్పు.

మన వాళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అయినా గుడిలో ప్రసాదం లైన్లో ఒకావిడ చెవిలో చెప్పినట్టే చెప్పింది: "గవర్నమెంట్ డబ్బు తీసుకుంటే సిటిజన్‌షిప్ రాదటమ్మా, జాగ్రత్త." ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఉచిత న్యాయ సలహా ఇచ్చే క్లినిక్‌కి ఫోన్ చేశాను. గ్రీన్‌కార్డు ఉన్న మనిషి సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు ప్రభుత్వ సాయం మీద ఆధారపడే మనిషా అని చూసే పబ్లిక్ చార్జ్ పరీక్ష ఉండదు, ఆరు నెలలకు మించి దేశం బయట ఉండి తిరిగొస్తే మాత్రం లెక్క వేరు అని చెప్పారు. ఉద్యోగం మీద వచ్చిన కార్డు కాబట్టి స్పాన్సర్ చేసిన బంధువు ఆదాయాన్ని కూడా మన లెక్కలో కలిపే గొడవ నాకు లేదన్నారు. ప్రసాదం లైన్లో మాటలు విని ఎంతమంది ఆడవాళ్లు అప్లై చేయకుండా ఆగిపోయారో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇంటర్వ్యూ ఫోన్ మీదే అయిపోయింది. అద్దె కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాప టీకాల కార్డు అప్‌లోడ్ చేశాను. పాప వాళ్ల నాన్న వివరాలు కూడా ఇవ్వాలి, ఎందుకంటే నేను సాయం తీసుకున్నంత కాలం పాప పోషణకు ఆయన కట్టే డబ్బు, చైల్డ్ సపోర్ట్ అంటారు, ప్రభుత్వానికి పోతుంది. ఒక బిడ్డ ఉంటే అందులో నెలకు 100 డాలర్ల వరకు మనకిస్తారు, మిగతాది వాళ్లు ఇచ్చిన సాయం కింద జమ. ఈ ఏర్పాటు న్యాయమో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. అప్పటికి ఆయన కట్టేదీ ఏం లేదు కాబట్టి ఆలోచించలేదు.

అసలు ప్రయాణం మొదలైంది అప్రైజల్ రోజున, అంటే మన పరిస్థితి అంచనా వేసే రోజున. కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, ఆఫీసులో రెండు గంటలు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఎవరైనా కొట్టారా, రాత్రులు నిద్ర పడుతుందా, కారు ఉందా. పాప నా ఒళ్లో కూర్చుని ఆ టేబుల్ మీది స్టేప్లర్‌ని నొక్కుతూనే ఉంది. కేస్ వర్కర్ పెద్దావిడ, కళ్లజోడు ముక్కు చివరకు జారి ఉంది. ఏం చేయాలనుకుంటున్నావు అంది. బీఎస్సీ ఉంది, ల్యాబ్‌లో ఏదైనా అన్నాను. రక్తం తీసే పని అయితే నాలుగైదు నెలల్లో లైసెన్స్ చేతికొస్తుంది అని ఆవిడే చెప్పింది. ఫ్లెబాటమీ అంటారు. ఊళ్లో డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ఒకరి వేలు ఒకరం పొడుచుకుని గ్రూపు చూసుకున్న రోజులు గుర్తొచ్చాయి. సరే అన్నాను.

ఆవిడ ప్లాన్ కాగితం పక్కకు పెట్టి, "ముందు పిల్లని చూసేవాళ్లని వెతుక్కో, క్లాసు తర్వాత" అంది. ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. డేకేర్ డబ్బు ప్రభుత్వమే ఇస్తుంది కదా, ఇక వెతకడానికేముంది అనుకున్నాను.

ఇక్కడ పిల్లల సంరక్షణ సాయం మూడు మెట్లుగా ఉంటుంది. స్టేజ్ వన్ కౌంటీ చూస్తుంది. మన పరిస్థితి కాస్త కుదురుకున్నాక ఫైలు ఒక ఏజెన్సీకి పోతుంది, అది స్టేజ్ టూ. నగదు సాయం ఆగిన తర్వాత రెండేళ్ల వరకు అది నడుస్తుంది. ఆ తర్వాత స్టేజ్ త్రీ, ఆదాయం రాష్ట్రం పెట్టిన గీత దాటే వరకో, బిడ్డకు 13 ఏళ్లు వచ్చే వరకో. మనకు నచ్చిన చోట చేర్పించుకోవచ్చు, ఆ ప్రాంతానికి కట్టిన గరిష్ఠ రేటు వరకు వాళ్లు కడతారు. పైన ఉంటే మన జేబులోంచే. రూలుగా చూస్తే మంచిదే, వంక పెట్టడానికి లేదు.

డేకేర్‌ల వివరాలు ఇచ్చే రిఫరల్ ఆఫీసు వాళ్లు 26 పేర్ల లిస్టు ఇచ్చారు. మూడు రోజులు ఫోన్లు చేశాను. పాత పంచాంగం వెనక పేజీలో రాసుకున్న గుర్తులు ఇంకా ఉన్నాయి: తొమ్మిది చోట్ల ఖాళీ లేదు. ఆరుగురు ఫోన్ ఎత్తలేదు. నలుగురు "కౌంటీ పిల్లల్ని తీసుకోం" అన్నారు. ఎందుకని ఒకావిడని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. తల్లిదండ్రులు నెల మొదట్లోనే కడతారు, కౌంటీ మాత్రం నెలంతా అయ్యాక హాజరు షీట్లు చూసి ఎప్పటికో పంపుతుంది, ఈలోపు నా అద్దె ఎవరు కడతారు అంది. ఆవిడ మీద కోపం రాలేదు. మిగిలిన ఏడింటిలో ఐదు ఏడింటికి గానీ ఏడున్నరకి గానీ తెరుస్తారు. అప్పటికి ఆ టైమ్ నాకు పెద్ద విషయం అనిపించలేదు. క్లాసు తొమ్మిదింటికి కదా.

మా కింది ఫ్లోర్‌లో గుంటూరు పిన్నిగారు ఒకరు ఉన్నారు. కొడుకు దగ్గరే స్థిరపడ్డారు. పాపంటే ప్రాణం. "నేను చూస్తాలే అమ్మాయ్, డబ్బులెందుకు" అన్నారు. ఊరికే చూపించుకోవడం నాకు ఇష్టం లేదు. బంధువులు కాని వాళ్లు ఇంట్లో చూసినా ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, కాకపోతే ట్రస్ట్‌లైన్ అనే రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకుని వేలిముద్రలు ఇవ్వాలి. అమ్మమ్మ, నానమ్మ, మేనత్త లాంటి వాళ్లకైతే అది కూడా అక్కర్లేదు. వేలిముద్రలనగానే పిన్నిగారి ముఖం మారిపోయింది. "ఈ వయసులో నాకు పోలీసు వేలిముద్రలెందుకమ్మా" అన్నారు. పోలీసులు కాదు పిన్నీ అని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. మరుసటి వారం నుంచి లిఫ్ట్‌లో ఎదురైనా కాస్త ముభావంగానే ఉన్నారు.

చివరికి దొరికింది ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన ఒకావిడ ఇల్లు. లైసెన్స్ ఉన్న చిన్న ఇంటి డేకేర్. అసిస్టెంట్ లేకుండా ఆవిడొక్కతే ఆరుగురు పిల్లల్ని చూస్తుంది. పొద్దున ఆరింటికి తలుపు తీస్తుంది, ఎందుకంటే ఆవిడ దగ్గరికొచ్చే పిల్లల తల్లులు హోటళ్లు, ఆస్పత్రులు తుడిచేవాళ్లు. మొదటి రోజు పాపని దింపితే నా చున్నీ చెంగు పట్టుకుని వదల్లేదు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఒక గిన్నెలో నానబెట్టిన బీన్స్ తెచ్చి పాప ముందు పెట్టి, రాళ్లు ఏరమన్నట్టు చూపించింది. పాప కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. అందులో రాళ్లేం లేవు. రెండు వారాలకల్లా ఇంట్లో దాహమేస్తే "అమ్మా, అగ్వా" అనడం మొదలైంది.

ఫ్లెబాటమీ కోర్సు ఎక్కువ రోజులది కాదు. ఫీజు ఉద్యోగ శిక్షణ నిధుల కింద పోయింది, యూనిఫాంకి, పుస్తకాలకి కౌంటీ ఇచ్చింది. క్లాసు 40 గంటలు, తర్వాత ల్యాబ్‌లో ప్రాక్టికల్ కనీసం 40 గంటలు, అందులో 50 నరాలు, 10 వేళ్లు గుచ్చినట్టు సంతకాలుండాలి. తర్వాత పరీక్ష, ఆపైన రాష్ట్ర లైసెన్స్. మొదటి మనిషికి సూది వేసినప్పుడు నా చేతికన్నా ఆయన చేయే నిలకడగా ఉంది. "నీ టైమ్ తీసుకో అమ్మా" అన్న అర్థంలో ఏదో అన్నాడు. ఇరవయ్యో మనిషికి వచ్చేసరికి వేలి కొసకే నరం తెలిసిపోయేది. చూపుకి కనపడని నరం వేలికి దొరుకుతుందని మా టీచర్ అంటుండేది, నిజమే.

ప్రాక్టికల్ ఆస్పత్రిలో పడింది. టైమ్ పొద్దున ఐదు. డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చేసరికి రిపోర్టులు ఉండాలి కాబట్టి రోగుల రక్తం తెల్లవారుజామునే తీస్తారు. బయటి ల్యాబులు కూడా అంతే, పరగడుపున రావాల్సిన వాళ్లంతా పొద్దున్నే క్యూ కడతారు. ఈ వృత్తి అంతా సూర్యోదయానికి ముందే మొదలవుతుందని నాకు అప్పటివరకు తట్టలేదు. డిగ్రీ చదివిన బుర్ర! కొత్తవాళ్లకు దొరికే షిఫ్టులన్నీ ఆ తెల్లవారు షిఫ్టులే. కౌంటీ అడిగేది వారానికి ఎన్ని గంటలు అని. ఆ గంటలు గడియారంలో ఎక్కడ పడతాయో ఏ కాగితంలోనూ అడగలేదు. నాలుగున్నరకి పిల్లని ఎత్తుకుని ఏ తలుపు కొట్టను?

అమ్మకి ఫోన్ చేశాను. విజిటర్ వీసా ఎప్పటిదో ఉంది. నాన్నకి చెప్పి, మోకాళ్ల నొప్పులకి మందులు మూటకట్టుకుని 2023 నవంబర్‌లో వచ్చింది. ఆరు నెలలకు స్టాంప్ వేశారు. విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి జీతం తీసుకోకూడదు కాబట్టి అమ్మమ్మకు ఇచ్చే డబ్బు అన్న మాటే లేదు. నేను అడగనూ లేదు. అమ్మ రోజూ నాలుగింటికే లేచి నాకు ఫిల్టర్ కాఫీ పెట్టి, పాపని ఎనిమిదింటికి నడిపించుకుంటూ ఆ సాల్వడార్ ఆవిడ ఇంటికి తీసుకెళ్లేది. ఆవిడకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, అమ్మకి అసలు రాదు. ఒకరోజు వెళ్లి చూస్తే ఇద్దరూ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారే అంటే, "ఆవిడ కూతురు కూడా దూరంగానే ఉందిట" అంది అమ్మ. ఎలా అర్థమైందో అడగలేదు.

అమ్మ ఉన్నప్పుడే లైసెన్స్ వచ్చింది, జనవరిలో ఒక ల్యాబ్‌లో పార్ట్ టైమ్ దొరికింది. నెలకు 1,800 డాలర్ల దాకా వచ్చేది. ఇక్కడొక లెక్క చెబుతాను, చాలామంది పనిలో చేరితే సాయం మొత్తం పోతుందని భయపడతారు కాబట్టి. కాల్‌వర్క్స్‌లో సంపాదనలో మొదటి 600 వదిలేస్తారు. మిగిలిన దాంట్లో సగమే లెక్కలోకి తీసుకుంటారు. నా 1,800లో 600 తీసేస్తే 1,200, దాంట్లో సగం 600. వచ్చే తొమ్మిది వందల చిల్లరలో ఆ 600 కోస్తారు. అంటే జీతం 1,800 వచ్చినా ఇంకో మూడు వందలు సాయం కింద వచ్చింది. చేతిలో రెండు వేల పైన ఉండటం ఏడాది తర్వాత అదే మొదటిసారి. పాపకి వర్షం బూట్లు కొన్నాను, కప్ప కళ్లున్నవి.

ఏప్రిల్ చివర్లో అమ్మ వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్ట్ నుంచి తిరిగొస్తుంటే పాప నిద్రపోయింది, నేను ఏడుస్తూనే మర్నాడు పొద్దున సంగతి లెక్క వేసుకుంటున్నాను. అదృష్టం కొద్దీ మా సూపర్‌వైజర్ బయటి కలెక్షన్ సెంటర్‌కి మార్చింది. షిఫ్ట్ ఆరున్నరకి, వారానికి 30 గంటలు, గంటకు 26 డాలర్లు. డేకేర్ ఆరింటికి తీస్తారు. అక్కడి నుంచి సెంటర్‌కి పద్నాలుగు నిమిషాలు. అంటే నా బతుకంతా ఆరింటికీ ఆరూ పదికీ మధ్య వచ్చి పడింది. లిస్టులో ఉన్న, ఏడు గంటలకి తెరిచే ఆ డేకేర్‌లలో ఏది దొరికి ఉన్నా ఈ ఉద్యోగం నాది కాదు.

30 గంటలతో నెలకు 3,300 దాటింది. పైన చెప్పిన లెక్క మీరే వేసి చూడండి, సాయం సున్నా. జూన్‌లో నగదు కేసు మూసేశారు. నాకు ఆ ఉత్తరం చూసి గర్వమేం కలగలేదు, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టి పనికి వెళ్లిపోయాను. ఫుడ్ కార్డు కూడా తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. వైద్యం మాత్రం ఇంకో ఏడాది వరకు ఇద్దరికీ నడిచే ఏర్పాటు ఉండింది. చైల్డ్ సపోర్ట్ మళ్లీ నా చేతికే రావాలి. ఆయనకు టెక్సాస్‌లో ఏదో ఉద్యోగం దొరికింది, కొంచెం కొంచెం వస్తోంది.

తడబడింది ఎక్కడంటే, స్టేజ్ వన్ నుంచి స్టేజ్ టూకి ఫైలు మారినప్పుడు. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ రాకుండా మారాలని రూలు. మా ఫైలు ఎక్కడో ఆగింది. కౌంటీ వాళ్లు పంపేశాం అంటారు, ఏజెన్సీ వాళ్లు రాలేదు అంటారు. ఏ ఏజెన్సీ అని రాయను, అక్కడ ఫోన్ ఎత్తే అమ్మాయి నాకన్నా అలసిపోయి ఉండేది. ఏడు వారాలు సాల్వడార్ ఆవిడకి పాప తాలూకు పైసా అందలేదు. ఏ రోజూ అడగలేదు. ఒక శుక్రవారం నేనే 300 డాలర్లు కవర్లో పెట్టి ఇవ్వబోతే, కవర్ వెనక్కి తోసి గోడ మీది క్యాలెండర్ చూపించి, వస్తుందిలే అన్నట్టు చెయ్యి ఊపింది. ఆ నెలలో ఆవిడ ఇంట్లో గ్యాస్ పొయ్యి పాడైతే వారం రోజులు ఎలక్ట్రిక్ కుక్కర్ మీదే పిల్లలకి వండింది. ఆ రెంటికీ సంబంధం ఉందో లేదో నేను అడగలేదు. ఆగస్టులో పాత బాకీతో సహా డబ్బు వచ్చింది.

ఆ డబ్బు రావడానికి ఆధారం హాజరు షీట్. దాని గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. తలుపు పక్కన క్లిప్‌బోర్డ్ మీద ఉంటుంది. దింపిన టైమ్ నిమిషాలతో సహా రాయాలి, పూర్తి సంతకం చేయాలి, తీసుకెళ్లేటప్పుడు మళ్లీ. రోజూ 6:00 అని గుండ్రంగా రాస్తే ఏజెన్సీ వాళ్లు ఒప్పుకోరు, నిజంగా ఎప్పుడు వచ్చారో అదే రాయాలంటారు. 6:03. 6:07. 6:02. పొద్దున చీకట్లో, ఒక చేత్తో పాప బ్యాగు, ఇంకో చేత్తో పెన్ను. నెలాఖరున ఆ కాగితం చూస్తే ఏ రోజు పాప బట్టలేసుకోనని మారాం చేసిందో, ఏ రోజు కారు అద్దం మీద మంచు పట్టిందో నాకు తెలిసిపోతుంది.

2024 ఆగస్టులో పాప పబ్లిక్ స్కూల్లో టీకేలో చేరింది. కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది అది, నాలుగేళ్ల పిల్లల కోసం అప్పట్లో రాష్ట్రమంతటా పెంచుతూ ఉన్నారు. ఫీజు లేదు. అందరూ ఇక నీ కష్టాలు తీరాయి అన్నారు. స్కూల్ మొదలయ్యేది ఎనిమిదీ ఇరవైకి, వదిలేది ఒంటిగంటన్నరకి. స్కూల్లోనే పొద్దున పిల్లల్ని ఉంచుకునే ప్రోగ్రామ్ ఒకటి ఉంది, అది తెరిచేది ఏడింటికి. నవ్వొచ్చింది. మళ్లీ సాల్వడార్ ఆవిడ దగ్గరికే వెళ్లాను. ఎనిమిదింటికి ముగ్గురు పిల్లల్ని స్కూల్లో దింపుతున్నాను, నీ పాప నాలుగోది అంది.

స్కూల్ గంటలు వచ్చాయి కాబట్టి ఏజెన్సీకి కొత్తగా షెడ్యూల్ ఫారం ఇచ్చాను. వారం తర్వాత ఫోన్ వచ్చింది. "మీ డ్యూటీ ఆరున్నరకి. ప్రయాణం పద్నాలుగు నిమిషాలు అని రాశారు. మరి పిల్లని ఆరింటికి ఎందుకు దింపాలి? ఆరుంపావుకి చాలు కదా?" అని ఒక అబ్బాయి. గొంతు చూస్తే చిన్నవాడు, రూలు ప్రకారమే అడుగుతున్నాడు.

నీకు పిల్లలున్నారా బాబూ అని అడగబోయి ఆగిపోయాను. సెంటర్ బయట పార్కింగ్ దొరకాలి, లోపలికి వెళ్లి కోటు మార్చుకుని మెషిన్‌లో పంచ్ కొట్టాలి, ఆరున్నర దాటితే లేటు పడుతుంది, రాసుకో అన్నాను. రాసుకున్నాడు. ఇంకేమైనా కారణం ఉందా అన్నాడు.

పాప తన బూట్లు తనే వేసుకుంటానంటుంది, ఎడమది కుడికి వేసుకుని మళ్లీ మార్చుకుంటుంది అన్నాను. ఫోన్‌లో టైప్ చేస్తున్న శబ్దం వినిపించింది. ఏం రాశాడో తెలియదు కానీ, ఆరింటికే అప్రూవల్ వచ్చింది.